పని నేర్పితే నా కుర్చీకే ఎసరా?

ప్రశ్న: 18 ఏళ్లుగా ఒకే రైస్ మిల్లులో అకౌంటెంట్‌ని. కొత్త కుర్రాణ్ణి పెట్టి అన్నీ నేర్పమంటున్నారు. నేర్పాక నన్ను పొమ్మంటారేమోనని భయం.

జవాబు: భయం సహజమే. కానీ దాచుకున్న పని రక్షణ కాదు. జీఎస్టీ ఓటీపీ మీ సొంత ఫోన్‌కే వస్తోందా? ముందు అది మార్చండి. మీరు జ్వరంతో పడుకున్న 20వ తేదీన 3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్ను) ఆగితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ. యజమానికి అప్పుడు గుర్తుండేది మీ 18 ఏళ్లు కాదు, ఆ ఫోనే.

7న టీడీఎస్ (ముందే కోసిన పన్ను), 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 15న పీఎఫ్: తేదీలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసివ్వండి. టాలీ అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో కుర్రాడికి వేరే లాగిన్ పెట్టించండి. మీ పాస్‌వర్డ్ ఇస్తే ఏ తప్పు ఎవరిదో తేలదు. మొదటి నెల అతను చూడాలి, రెండో నెల అతను చేస్తుంటే మీరు చూడాలి. ఏ సప్లయర్ బిల్లు 2బీలో (మన కొనుగోళ్లపై జీఎస్టీ పోర్టల్ చూపే పట్టికలో) ఆలస్యంగా పడుతుందో మాత్రం నోట్‌బుక్‌తో రాదు. మీరు గర్వపడాల్సింది అక్కడ.

ఒకవేళ తీసేసినా, పదిమందికి తగ్గని సంస్థలో మీకు గ్రాట్యుటీ హక్కు: ఏడాదికి 15 రోజుల జీతం. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు ఇంట్లో పెట్టుకోండి.