దుబాయ్ క్యాంపులో తెలుగువాళ్లకు నేనే హిందీలో చెప్పిపెడుతున్నాను. హాస్పిటల్‌కి, లేబర్ కేసుకి కూడా తోడు వెళ్లొచ్చా?

హాస్పిటల్‌కి వెళ్లండి. లేబర్ కేసులో మాత్రం తోడుగా ఉండండి, కాగితాల అనువాదం నెత్తిన వేసుకోకండి.

నేను అక్కడ తొమ్మిదేళ్లు స్టోర్ కీపర్‌గా చేశాను. మాది జగిత్యాల వైపు. హైదరాబాదీ హిందీ వచ్చు కాబట్టి క్యాంపులో ఎవరికి ఏ అవసరమొచ్చినా నన్నే లేపేవారు.

ఒకసారి మా రూంలో ఉండే అన్నకు నడుంనొప్పి వస్తే క్లినిక్‌కి తీసుకెళ్లాను. డాక్టర్ ఈజిప్టు ఆయన, నర్సు మలయాళీ. ఎప్పటినుంచని ఆమె హిందీలో అడిగింది. అన్న "మొన్నటి సంది" అన్నాడు. నేను "పర్సోం సే" అన్నాను. ఆమె డాక్టర్‌కు ఇంగ్లీషులో రెండు రోజులని చెప్పింది. మన దగ్గర మొన్న అంటే మొన్నే కావచ్చు, పోయిన నెలా కావచ్చు. తెలియక కాదు, ఆ టెన్షన్‌లో మళ్లీ అడగాలని తోచలేదు. నొప్పి గోలీలిచ్చి పంపేశారు. వారానికి అర్ధరాత్రి మెలికలు తిరిగిపోతుంటే మళ్లీ పరిగెత్తాం. కిడ్నీలో రాయి. మూత్రం ఎర్రగా వస్తోందట, ఇరవై రోజులుగా! ముందే చెప్పొద్దా అన్నా అంటే, "నువ్వు మా అత్తగారి ఊరోడివి, నీ ముందర ఎట్ల చెప్త" అన్నాడు.

అప్పటినుంచి "ఎన్ని రోజులు" అని అడగడం మానేసి, "జీతం పడకముందా, పడ్డాకా?" అని అడిగేవాణ్ని. లోపలికి వెళ్లేముందే, నా ముందు చెప్పలేనిది ఉంటే వేరేవాళ్లను పంపుతానని చెప్పేవాణ్ని. ఇద్దరు నిజంగానే పంపమన్నారు.

సైట్లోనూ అంతే. పొద్దున పని మొదలయ్యేముందు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్‌లో "సమ్‌ఝే?" అంటే అందరూ తలూపుతారు. తలూపడాన్ని నమ్మొద్దు. ఎత్తు మీంచి పడిపోకుండా కట్టుకునే బెల్టు, అదే హార్నెస్, దాని కొక్కెం ఎక్కడ తగిలిస్తావో చూపించమనండి.

ఇక కాగితాలు. యూఏఈలో 2016 నుంచి ఆఫర్ లెటర్ అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు కార్మికుడికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలన్నారు. అప్పుడు పెట్టిన 11 భాషల్లో హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. మనవాళ్లలో చాలామంది హిందీ మాట్లాడతారు, చదవలేరు. అందుకే కంపెనీ తరఫున వీసా, ప్రభుత్వ కాగితాలు చూసే పీఆర్వో "ఏం లేదు, సంతకం పెట్టు" అంటే ముందు ఫోటో తీసి, చదవగలిగే మనిషికి వాట్సాప్ చేయమనండి. సెటిల్‌మెంట్ కాగితంలో "రావాల్సినవన్నీ ముట్టాయి" అన్న ముక్క ఎక్కడో ఒకచోట ఉంటుంది. పీఆర్వో మంచివాడే కావచ్చు, కానీ జీతం కంపెనీది కదా.

కేసు ముందు కార్మిక శాఖకే వెళ్తుంది. 2024 నుంచి 50 వేల దిర్హాముల లోపు తగాదాలను అక్కడే తేలుస్తున్నారు. కోర్టు దాకా పోతే, కాగితాలకు లైసెన్సున్న లీగల్ ట్రాన్స్‌లేటర్ అరబ్బీ అనువాదం, ముద్ర కావాలి. అక్కడ మీ హిందీ, నా హిందీ చెల్లవు. పైగా రేపు తేడా వస్తే "నువ్వే కదా ఒప్పుకోమన్నావు" అని మీ మీదికే వస్తారు. నాకు ఒకసారి వచ్చారు కూడా.

ముందుగా దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రకు ఫోన్ చేసి, తెలుగు వచ్చినవాళ్లను ఇవ్వమని అడగండి. నంబరు 80046342. మా రూంలో అది ఫ్రిజ్ మీద మార్కర్‌తో రాసి ఉండేది.