లేని చోట దురద

ప్రశ్న: అక్కా, మాది పరకాల దగ్గర ఊరు. నాకు 41 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఎడమవైపు పూర్తిగా తీసేశారు. కీమోలు అయిపోయి రెండు నెలలైంది. తీసేసిన రొమ్ముకే దురద పుడుతోంది. గోక్కుందామని చెయ్యి పెడితే అక్కడ మొద్దుబారిన చర్మమే. పిచ్చి పడుతోందేమోనని టెన్షన్. లైటు ఆర్పి స్నానం చేస్తున్నా. మా ఆయన ఒక్కమాట అనడు, నేనే దూరంగా పడుకుంటున్నా. ఈసారి బతుకమ్మకు పోబుద్ధి కావట్లేదు.

జవాబు: చెల్లే, నీకు పిచ్చి లేదు. నాకు కుడివైపు తీసేసి 11 ఏళ్లు. మొదటి ఏడాదంతా లేని చనుమొన మీద చీమ పాకినట్టుండేది. 20 ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, కాలు తీసేసినవాళ్లు ‘పాదం గుంజుతోంది సిస్టర్’ అంటే విన్నదాన్ని. నా ఒంటికొచ్చేసరికి ఎవరికీ చెప్పలేకపోయా. ఆపరేషన్‌లో అక్కడి నరాలు తెగుతాయి. మెదడులో మాత్రం ఆ రొమ్ము చోటు అట్లనే ఉంటుంది. జబ్బ లోపలివైపు మొద్దుబారడం కూడా నరం దెబ్బతినడం వల్లే. గోళ్లతో గోకకు, చర్మం లేచినా నీకు తెలియదు. అరచేత్తో నిమురు. మచ్చ దగ్గర కొత్తగా గడ్డగానీ, ఎర్రదనంగానీ, దద్దుగానీ కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించు.

నేను అద్దం మీద తువ్వాల కప్పేదాన్ని. చూసే ధైర్యం రాక, ముందు చేత్తో తడుముకున్నా. కొబ్బరినూనె రాస్తూ రొమ్ము ఎముక నుంచి చంకదాకా రోజూ ఆ కుట్ల గీత వెంటే వేలు పోనిచ్చేదాన్ని. ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ స్పర్శ తెలుస్తుందో వేలికి అలవాటయ్యాక ఒకరోజు తువ్వాల తీసేశా. వంకాయ రంగులో ఉంది. ఏడ్చాను. ఇప్పుడది తెల్లటి దారంలా ఉంది.

చెయ్యి ఎత్తడానికి గోడ మీద వేళ్లు పాకించమన్నారు. మా వంటింటి దర్వాజకు పిల్లగాడి ఎత్తులు పెన్సిల్‌తో గీసి ఉండేవి. వాటి పక్కనే నా వేళ్లు అందినకాడికి గీత పెట్టేదాన్ని. మొదటిరోజు వాడి ఐదో తరగతి గీత కూడా అందలేదు. రెండు నెలలకు పదో తరగతిది దాటా. ఆ రోజు నా చెయ్యి మళ్లీ నాదనిపించింది.

ఒకవైపు బరువు పోతే భుజం, మెడ గుంజుతాయి. బ్రాలో పెట్టుకునే సిలికాన్ రొమ్ములు దొరుకుతాయి గానీ ఖరీదు. నేను పాత నూలు చీర గుడ్డలో దూది పెట్టి, బరువుకు అడుగున ఆవాలు పోసి కుట్టుకున్నా. పుండు పూర్తిగా మానాకే పెట్టుకోవాలి సుమా.

మీ ఆయనకు ఏమనాలో తెలియక ఊరుకున్నాడేమో. ఎక్కడ ముట్టుకుంటే నొప్పో, ఎక్కడ పర్వాలేదో నువ్వే చెప్పు.

బతుకమ్మకు పో చెల్లే. నేను ఆపరేషన్ అయిన ఏడాది హన్మకొండ పద్మాక్షి గుండం కాడ ఆడాను, జుట్టు ఇంకా వేలెడే. చంకలో గ్రంథులు తీసి ఉంటే ఆ చెయ్యి వాచే అవకాశం ఉంటుంది. కాబట్టి సద్దుల బతుకమ్మ బరువు మీ చెల్లెలికో, వదినకో ఇవ్వు. బీపీ, సూదులు కుడిచేతికే. గునుగు కోసేటప్పుడు గీరుకోకుండా నిండు చేతుల జాకెట్ వేసుకో. టైలర్‌కు ఎడమ చెయ్యి రెండు వేళ్లు వదులు పెట్టమని ఇప్పుడే చెప్పు, పండుగ ముందు వాళ్లకు తీరిక ఉండదు.