చరిత్ర ప్రాజెక్టుకు అంశాన్ని ఎంతవరకు కుదించాలి?

ప్రశ్న: నేను ఎం.ఎ. చరిత్ర చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టుకు ‘జాతీయోద్యమంలో ఆంధ్రుల పాత్ర’ అనే అంశం తీసుకెళితే, పరిధి మరీ ఎక్కువగా ఉందని, తగ్గించుకుని రమ్మని మా గైడ్ చెప్పారు. మా అమ్మమ్మగారి పుట్టిల్లు పేరాల కావడంతో చీరాల–పేరాల ఉద్యమం మీద పనిచేద్దామని ఉంది. 4 నెలల్లో 60 పేజీలు సమర్పించాలి. ఈ అంశం సరిపోతుందా, ఇంకా తగ్గించాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ గైడ్ చెప్పింది సబబే. మీరు మొదట అనుకున్న శీర్షిక కింద వందేమాతరం ఉద్యమం మొదలుకొని క్విట్ ఇండియా వరకు అన్నీ వస్తాయి కాబట్టి, ఎంత శ్రమపడినా చివరికి పాఠ్యపుస్తకాన్నే మళ్లీ రాసినట్లవుతుంది. చీరాల–పేరాలకు రావడం మంచిదే గాని, అంతటితో పని అయిపోలేదు. మీరు స్థలాన్నీ కాలాన్నీ తగ్గించుకున్నారు, అంతే. తేల్చవలసిన ప్రశ్న ఏమిటో ఇంకా అనుకోలేదు.

1919లో మద్రాసు ప్రభుత్వం ఆ రెండు గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేయడం, పన్నుల భారానికి జనం ఎదురు తిరగడం, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ‘రామదండు’ అనే తన స్వచ్ఛంద సేవకుల దళంతో ముందు నిలవడం, 1921 ఏప్రిల్‌లో గాంధీజీ వచ్చి వెళ్లాక ప్రజలు ఇళ్లు విడిచి రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని సుమారు 11 నెలలు గడపడం, నాయకుడు జైలు పాలయ్యాక ఉద్యమం సడలి చివరికి మునిసిపాలిటీయే నిలవడం, ఈ వరుసంతా ఏ పోటీ పరీక్షల పుస్తకంలోనైనా దొరుకుతుంది. దాన్నే 60 పేజీలకు సాగదీస్తే పరిశోధన అనిపించుకోదు.

అవే పుస్తకాల్లో తరచుగా కనిపించే ఒక లెక్క ఉంది: మునిసిపాలిటీ వచ్చాక ఏడాది పన్ను సుమారు 4,000 రూపాయల నుంచి 40,000 రూపాయలకు పెరిగిందని. అందరూ ఈ అంకెలు రాసి ముందుకు వెళ్లిపోతారు. మీరు ఇక్కడ ఆగండి. 40,000 అన్నది విధించిన మొత్తమా, వసూలైన మొత్తమా? అందులో ఇంటి పన్ను వాటా ఎంత? మగ్గం మీద బతికే నేతగాడికి ఎంత పడింది, బట్టల వ్యాపారికి ఎంత పడింది? ఊరు విడవడానికి ఆ ఇద్దరి కారణాలూ ఒకటేనా? ‘1919–22 మధ్య చీరాలలో మునిసిపల్ పన్ను ఎవరి మీద ఎంత పడింది, ఊరు విడవాలన్న నిర్ణయంలో దాని పాత్ర ఎంత?’ అని ఒక్క వాక్యంలో అడగగలిగితే అంశం చేతికి వచ్చినట్లే. చివర ప్రశ్నార్థకం పెట్టడానికి వీల్లేని అంశాన్ని నేనైతే ఒప్పుకోను.

అయితే ప్రశ్న ఎంత బాగున్నా, దానికి జవాబు చెప్పే కాగితాలు మీకు అందాలి. పన్నుల వ్యవహారం తేల్చాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులు చూడక తప్పదు. చీరాల 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి మారింది గాని, ఆనాటి దస్త్రాల్లో వెతకవలసింది గుంటూరు జిల్లా కిందనే.

చెన్నైలో కనీసం ఒక వారం ఉండి చదివే వీలు లేకపోతే మొహమాటపడకుండా ప్రశ్ననే మార్చుకోండి. చీరాల పక్కనే వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికలకు పెట్టింది పేరు. మద్రాసు నుంచి వెలువడిన దినపత్రిక ఆంధ్రపత్రిక, బందరు నుంచి వెలువడిన వారపత్రిక కృష్ణాపత్రిక రామ్‌నగర్ జీవితాన్ని ఎలా చూపించాయన్నది 4 నెలల్లో చేయదగిన పని. రెండూ జాతీయోద్యమం పక్షాన నిలిచిన పత్రికలు కాబట్టి, అక్కడ ఏం జరిగిందనడానికి వాటినే సాక్ష్యంగా పెట్టుకుంటే తూకం తప్పుతుంది; అవి దేన్ని ఎత్తి చూపాయి, దేన్ని వదిలేశాయి అని అడిగితే మాత్రం ఆ పక్షపాతమే మీకు ఆధారమవుతుంది. మీ గడువును బట్టి నా మొగ్గు దీనివైపే. ఖాయం చేసుకునే ముందు ఒక రోజు కేటాయించి 1921 మే నెల సంచికలు తిరగేయండి. రాసుకోవడానికి రెండు పేజీల సమాచారమైనా దొరకకపోతే, ఆ ప్రశ్నను అక్కడికక్కడే వదిలేయవచ్చు.

ఇక మీ అమ్మమ్మగారి పుట్టింట్లో చెప్పుకునే సంగతులను, ఎవరు చెప్పారు, వారు ఎవరి దగ్గర విన్నారు అన్న వివరాలతో సహా తప్పకుండా రాసి పెట్టుకోండి. నూరేళ్లు దాటిన తర్వాత వినే ఆ మాటలు ఆ సంఘటనను ఊరు ఎలా గుర్తుంచుకుందో చెబుతాయి గాని, 1921లో ఎవరు ఎంత పన్ను కట్టారో చెప్పవు. వాటి మీదనే మనసు పోతే అది వేరే ప్రాజెక్టు; రెండింటినీ కలిపితే ఏదీ పూర్తి కాదు.

శీర్షిక కోసం ఇప్పుడే తొందరపడకండి. ప్రశ్న, కాలవ్యవధి, చూడబోయే పత్రికలు లేదా దస్త్రాలు, అవి దొరికే చోటు, ఇవన్నీ ఒక పేజీలో రాసి మీ గైడ్‌కు చూపించండి.