పాత పెళ్లి క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే గ్రాఫిక్స్ కార్డు కొనాలా?

అక్కర్లేదు, వీసీఆర్‌కి, కంప్యూటర్‌కి మధ్య పెట్టే యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు చాలు. క్యాసెట్‌లో ఉన్నది అనలాగ్ సిగ్నల్, దాన్ని డిజిటల్‌గా మార్చేది ఈ కార్డే. గ్రాఫిక్స్ కార్డు పని ఆ తర్వాత ఎడిటింగ్‌లో, అదీ పాత క్యాసెట్ నుంచి వచ్చే 720×576 పిక్సెళ్ల చిన్న వీడియోకి మామూలు ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్సే సరిపోతుంది.

దేవరకొండలో 1995లో తీసిన మూడు గంటల పెళ్లి క్యాసెట్ ఉందనుకోండి: వీసీఆర్ వెనకాల పసుపు పిన్ను వీడియోకి, తెలుపు, ఎరుపు ఆడియోకి పెట్టి ప్లే నొక్కాక మూడు గంటలూ ఆడనివ్వాల్సిందే, డీవీ అనే డిజిటల్ వీడియో ఫార్మాట్‌లో గంటకు దాదాపు 13 జీబీ చొప్పున 40 జీబీ దాకా అవుతుంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డుకి పెట్టే డబ్బులేవో ఫైళ్లు దాచే మంచి ఎస్‌ఎస్‌డీ మీద, ర్యామ్ మీద పెట్టండి.

గ్రాఫిక్స్ కార్డుకుండే హెచ్‌డీఎంఐ పోర్టులోకి వీడియో ఎక్కించొచ్చని చాలామంది అనుకుంటారు. అది బొమ్మను మానిటర్‌కి పంపేదే, లోపలికి తీసుకోదు.