రమ్మీలో ఫుల్ కౌంట్ ఎందుకు పడుతోంది?

ప్రశ్న: పదమూడు ముక్కల రమ్మీలో మూడు జోకర్లొచ్చినా నాకు 80 పాయింట్లు పడుతున్నాయి. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: జోకరు లేని సీక్వెన్స్ (ఒకే గుర్తులో వరస ముక్కలు) పడకముందే అవతలివాళ్లు షో చేస్తే, అంటే ముక్కలు చూపించి ఆట ముగిస్తే, మీ ముక్కలన్నీ లెక్కకొస్తాయి, అదే ఫుల్ కౌంట్. జోకర్లు కాపాడవు. ముందు ఆ సీక్వెన్స్ కోసమే ఆడండి. రెండు కట్టల ఆటలో ఆటీన్ ఆరు, ఏడు ఉంటే ఐదు, ఎనిమిది కలిపి నాలుగు ముక్కలు పనికొస్తాయి. ఆరు, ఎనిమిది పట్టుకుంటే ఏడు ఒక్కటే దిక్కు, అవీ రెండే. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మూడు నాలుగు చుట్లలో కుదరకపోతే జత లేని రాజు, రాణి, ఆసు వదిలేయండి. ఒక్కోటి పది పాయింట్లు. పంచగానే జోకరూ జతా లేకుంటే మొదటి ముక్క తీయకముందే డ్రాప్ చెప్పండి (ఆ ఆట నుంచి తప్పుకోండి), 20 పాయింట్లతో పోతుంది. తర్వాతైతే 40. అవతలివాళ్లు కింద పడేసిన ముక్కల్లోంచి ఎత్తుకున్న ముక్కను గుర్తుపెట్టుకొని, దాని పక్క ముక్కలు వేయకండి.