ఆవకాయ సీసా కారులోనే ఉంచండి

ప్రశ్న: మేం మినియాపోలిస్‌లో ఉంటాం. జులైలో బౌండరీ వాటర్స్‌కి (మిన్నెసోటా ఉత్తరాన, కెనడా సరిహద్దులో ఉన్న సరస్సుల అడవి) వెళ్లి, కనూలో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవలో, మూడు రోజుల్లో నాలుగు సరస్సులు చుట్టేద్దామని మావారు పట్టుబట్టారు. బాబుకి ఎనిమిదేళ్లు, నాకు ఈత రాదు. ఎలుగుబంట్లంటే మహా టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చంటారా?

జవాబు: వెళ్లండి, కానీ నాలుగు వద్దు, ఒక్క చిన్న సరస్సు చాలు. అక్కడ వెయ్యికి పైగా సరస్సులున్నాయి, చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవాలంటే పడవని బోర్లించి భుజాలకెత్తుకుని అడవి దారిలో నడవాలి, దాన్నే పోర్టేజ్ అంటారు, మ్యాపులో దాని పొడవు రాడ్‌లలో ఉంటుంది; 100 రాడ్‌లే కదా అనుకుంటే అది అర కిలోమీటరు, సామాను రెండు విడతల్లో మోస్తే ఆ దారిని మూడుసార్లు నడిచినట్టు! పిల్లాడితో అది వినోదం కాదు. ఒకే చోట టెంట్ వేసుకుని, మిగతా రోజులు సామాను లేని పడవలో హాయిగా తిరగండి.

ఎలుగుబంటి కన్నా గాలికి భయపడాలి. మధ్యాహ్నానికి గాలి లేస్తే పెద్ద సరస్సులో అలలు పడవ అంచు దాకా వస్తాయి, అందుకే పొద్దున్నే తెడ్డు పట్టి, ఒడ్డు వెంబడే వెళ్లి, మధ్యాహ్నంలోపే దిగిపోండి. పదేళ్లలోపు పిల్లలకి లైఫ్ జాకెట్ అక్కడ చట్టమే. మీరూ వేసుకోండి, ఈత వచ్చని మురిసిపోయే మీవారికీ వేయించండి.

ఎలుగుబంటి వచ్చేది వాసనకి. తిండితోపాటు టూత్‌పేస్ట్ కూడా టెంట్లో పెట్టకుండా, ఎలుగు తెరవలేని డబ్బాలో పెట్టాలి. గాజు సీసాలు, తగరపు డబ్బాలు నిషేధం. మొదటిసారి ఈ సంగతి తెలియక మేం పార్కింగ్‌లో నిలబడి ఆవకాయని సీసాలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకున్నాం, చేతుల వాసన రెండు రోజులు పోలేదు. ఉప్మా రవ్వని ఇంట్లోనే పోపుతో వేయించి పట్టుకెళ్తే అక్కడ వేడి నీళ్లు పోస్తే చాలు.

ముందు పర్మిట్ చూసుకోండి. మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా రాత్రి బసకి కోటా ఉంటుంది, పర్మిట్లో రాసిన తేదీన, అదే ద్వారం నుంచే లోపలికెళ్లాలి. క్యాంపు స్థలాలకి మాత్రం రిజర్వేషన్ లేదు, ముందొచ్చినవాళ్లదే, కాబట్టి త్వరగా బయల్దేరండి. దోమల మందు మర్చిపోవద్దు. ప్రతి క్యాంపు దగ్గరా పొయ్యి, కాస్త వెనక మరుగుదొడ్డి ఉంటాయి గానీ దానికి గోడలూ తలుపూ ఉండవు, ఈ సంగతి మీవారు చెప్పి ఉండరు.