తిరిగివెళ్లిన మెయిలు చట్టం దృష్టిలో అందినట్టా?

ప్రశ్న: మాది మిర్యాలగూడలో రైస్ మిల్లు. బెంగళూరు వ్యాపారికి 250 క్వింటాళ్ల బియ్యం, క్వింటా 4,200 రూపాయల చొప్పున, 30 రోజుల ఉద్దెర మీద పంపాను. 2024 ఫిబ్రవరి 3న లారీ బయలుదేరింది, 5న వాళ్లు దించుకున్నారు. డబ్బు అడిగితే, ఆర్డరు రద్దు చేస్తూ ఫిబ్రవరి 1నే మెయిలు పెట్టామన్నారు. లారీ కదలకముందు మెయిలు ద్వారా రద్దు చేసుకోవచ్చని ఆర్డరులో షరతు ఉన్న మాట నిజమే. కానీ వాళ్ల మెయిలు అడ్రసులో & గుర్తు ఉన్నందున మా సర్వరు (మెయిళ్లు అందుకునే కంప్యూటరు) ఆ మెయిలును తీసుకోలేదట. నా భార్య నగలు కుదువపెట్టి వడ్లు కొన్నాను. అడగబోతే పదిమందిలో అవమానించారు. ఆనాటి సర్వరు లాగ్ (వచ్చిపోయిన మెయిళ్ల చిట్టా) చెరిగిపోయిందని, కావాలంటే తయారుచేసి ఇస్తానని మా మెయిలు చూసే కుర్రాడు అంటున్నాడు. వాళ్ల లాయరు జవాబు నోటీసు జతచేస్తున్నాను.

జవాబు: నగల సంగతి, అవమానం సంగతి కోర్టు వినదు కనుక నేనూ వాటి జోలికి పోను. మీ వ్యవహారమంతా ఒక్క విషయం మీద తేలుతుంది: ఆ మెయిలు మీ సర్వరులోకి ప్రవేశించిందా, లేక గడప దగ్గరే ఆగిపోయిందా?

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 13వ సెక్షన్ ప్రకారం, ఇరుపక్షాలూ వేరుగా ఒప్పుకొని ఉంటే తప్ప, మెయిళ్లు అందుకోవడానికి మీరు నిర్దేశించిన కంప్యూటర్ వ్యవస్థలోకి సందేశం ప్రవేశించిన క్షణమే అది అందినట్టు లెక్క. మీరు తెరిచి చదివారా, అది స్పామ్‌లో పడిందా అన్న ప్రశ్నలు అక్కడ పనికిరావు. పంపే సర్వరు తలుపు తట్టినప్పుడు మీ సర్వరు 250 అని బదులిస్తే మెయిలు తీసుకున్నట్టు, 4తో మొదలయ్యే అంకె చెబితే తర్వాత రమ్మన్నట్టు, 550 అంటే శాశ్వతంగా కాదన్నట్టు. లాగ్‌లో 250 కనబడి ఉంటే మీ వాదన అక్కడితో ముగిసేది.

మీరు పంపిన జవాబు నోటీసును మీరే సరిగా చదవలేదు. మెయిలు పంపినట్టు రుజువు చూపాలన్న తొందరలో వాళ్లు జతచేసిన మూడో పేజీ అడుగున, సన్నని అక్షరాల్లో, ఉదయం 11:40కి వెళ్లిన మెయిలుకు 11:41కి వచ్చిన తిరుగు సందేశం ఉంది. అందులో 550 అంకె, దాని పక్కనే అడ్రసులో నిషిద్ధ అక్షరం ఉందన్న మాట స్పష్టంగా ఉన్నాయి. రద్దు మీకు చేరలేదని ఒక్క నిమిషంలోనే వాళ్లకు తెలిసిందని వాళ్ల కాగితమే చెబుతోంది. లారీ కదలడానికి ఇంకా రెండు రోజులున్నా ఒక ఫోను చేయలేదు, వేరే అడ్రసు నుంచి ఇంకో మెయిలు పెట్టలేదు. పైగా 5న వచ్చిన సరుకును దించుకున్నారు. దించుకున్న సరుకును తిరస్కరిస్తున్నామని సహేతుకమైన గడువులో చెప్పకుండా అట్టిపెట్టుకుంటే అంగీకరించినట్టేనని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 42వ సెక్షన్ అంటుంది.

అయితే మీ తప్పు లేదనుకోకండి. ఈమెయిలు ప్రమాణాల ప్రకారం అడ్రసులో @కు ముందు భాగంలో & గుర్తు, కూడిక గుర్తు, అపాస్ట్రఫీ చెల్లుతాయి; వాటిని కాదన్నది మీ సర్వరు పెట్టుకున్న నియమం. మీ బిల్లు మీద అచ్చువేసిన అడ్రసుకు మెయిళ్లు వస్తున్నాయో లేదో చూసుకోకుండా లక్షల వ్యాపారం నడపడం అజాగ్రత్త. ఆ తిరుగు సందేశమే లేకపోతే, మీ తలుపు మీరే మూసుకొని ఎవరూ రాలేదంటున్నారని ఎదుటి లాయరు వాదించేవాడు, ఆ వాదనకు బలం ఉండేది.

లాగ్ తయారుచేయించే ఆలోచన ఈ క్షణమే మానండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ (రికార్డులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) రాయాలి, రెండో భాగంలో నిపుణుడు సంతకం పెట్టాలి. దొంగ రికార్డును అసలైనదని దాఖలు చేస్తే భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద మీరూ ఆ కుర్రాడూ ముద్దాయిలవుతారు. పైగా మీకు దాని అవసరమే లేదు.

సర్వరును బాగుచేయించే ముందు ఆ నియమం ఇప్పుడున్న రూపాన్ని తేదీతో సహా నకలు తీయించండి. మిగిలిన లాగ్ ఏమైనా దొరికితే తెరమీద కనబడే పేరుతో మాత్రమే వెతకకండి. మెయిలు కవరు మీది అడ్రసు, అంటే పంపే సర్వరు మీ సర్వరుకు చెప్పే పంపినవారి అడ్రసు, వేరుగా ఉండవచ్చు కనుక మీ అడ్రసుతోనూ సమయంతోనూ వెతికించండి. తర్వాత పంపేవారి అడ్రసులపై ఉన్న ఆ ఒక్క నిషేధాన్నే సడలించండి. స్పామ్ వడపోతను మొత్తంగా తీసేయవద్దు.

ఉద్దెర గడువు 2024 మార్చి 6తో ముగిసింది. దావాల గడువును నిర్ణయించే పరిమితి చట్టం 15వ అధికరణం ప్రకారం అక్కడి నుంచి మూడేళ్లు, అంటే 2027 మార్చి 6 లోపు దావా వేయాలి. ఈలోగా మీరెన్ని నోటీసులు పంపినా ఆ గడువు పెరగదు. బాకీ ఉందని వాళ్లు గడువులోపు రాసి సంతకం పెడితే పెరుగుతుంది. మొత్తం 10,50,000 రూపాయలు, అంటే 3 లక్షలు దాటింది కనుక వాణిజ్య న్యాయస్థానాల చట్టం 12ఏ సెక్షన్ ప్రకారం ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వానికి దరఖాస్తు చేయాలి. అందులో గడిచిన కాలం పరిమితి లెక్కలోకి రాదు. నల్లగొండలో వేసే ముందు, వివాదాలు బెంగళూరు కోర్టుల్లోనే తేలాలన్న షరతు ఆర్డరులో ఉందేమో చూడండి. సరఫరా నాటికే ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) నమోదు ఉంటే, చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం 18వ సెక్షన్ కింద, వాటి బాకీల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్ దారి కూడా ఉంది, అక్కడ వడ్డీ ఎక్కువ.

సరుకు దించుకున్నట్టు సంతకం ఉన్న లారీ రసీదు, కాటా చీటీ, ఆ జవాబు నోటీసు, అది వచ్చిన కవరుతో సహా, మీ లాయరుకు అసలువే చూపించండి. మూడో పేజీ మీద మాత్రం గీతలు గీయకండి.